లైను బాగానే ఉంది

బెంగళూరు, మారతహళ్ళి
బుధవారం రాత్రి

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మ నాతో సరిగ్గా మాట్లాడి మూడు రోజులైంది, అదొక్కటి తప్పిస్తే నిజంగానే క్షేమం.

ఆదివారం నువ్వు ఫోను పెట్టేశాక మీ అమ్మ ఒకే మాట అంది. "పిల్ల గొంతు పూడుకుపోయి మాట్లాడుతుంటే మైకు గురించి అడుగుతారా ఎవరైనా?" అని. అడిగాను మరి. "మీటింగుల్లో నా మాట ఎవరికీ వినపడటం లేదు నాన్నా" అని నువ్వు అనీ అనకముందే నా నోటి నుంచి వచ్చిన ప్రశ్న, "ఏ హెడ్‌సెట్ వాడుతున్నావు? బ్లూటూతా?" నువ్వు ఏదో చెప్పబోయావు. నేను ఆగలేదు. బ్లూటూత్ వల్ల ఆలస్యం పెరుగుతుందన్నాను, తీగ ఉన్న హెడ్‌సెట్ కొనుక్కోమన్నాను, డబ్లిన్‌లో మీ ఇంటి వైఫై రూటర్ ఏ గదిలో ఉందని అడిగాను. రూటర్ దగ్గరికి వచ్చేసరికి "నువ్వూ నన్ను మాట్లాడనివ్వవు" అని పెట్టేశావు.

ఆ "నువ్వూ"లోని దీర్ఘం మూడు రోజులుగా నా చెవిలోనే ఉంది. అంటే అక్కడ ఎవరో మాట్లాడనివ్వడం లేదు, నేను కూడా వెళ్ళి వాళ్ళ సరసన చేరానన్నమాట.

అందుకే ఉత్తరం. ఫోను చేస్తే మళ్ళీ మధ్యలో దూరతాను. ఉత్తరంలోనూ మాట్లాడేది నేనే అనుకో. కానీ విసుగొస్తే మడిచి పక్కన పెట్టేయవచ్చు, నాకు తెలియదు కూడా. మీ అమ్మ పంపే పార్సెల్‌లో పెడతాను. చేరడానికి వారం పైనే పడుతుంది. ఇన్నేళ్ళు మిల్లీసెకన్లతో కుస్తీ పట్టినవాడికి వారం రోజుల ఆలస్యం హాయిగా ఉంది.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చిన్నప్పుడు అడిగితే "టీవీలో మనుషుల్ని మాట్లాడిస్తాను" అన్నాను. నువ్వు బడిలో మా నాన్న వార్తలు చదువుతాడని చెప్పి వచ్చావు. ఒక లెక్కన అది అబద్ధం కూడా కాదు.

1998లో మదనపల్లె నుంచి చింతామణి మీదుగా వచ్చే ఎర్ర బస్సెక్కి మెజెస్టిక్ బస్టాండులో దిగాను. దొరికిన ఉద్యోగం విమానాశ్రయం రోడ్డులో, ఒక బట్టల షోరూము పైన ఉన్న చిన్న కంపెనీలో. వీడియో కాన్ఫరెన్సింగ్ పెట్టెలు తయారుచేసే ఒక విదేశీ సంస్థకు వాళ్ళు పరీక్షలు చేసిపెట్టేవాళ్ళు. ఒక్కో పెట్టె ఖరీదు నా నాలుగైదేళ్ళ జీతం. అప్పట్లో మీటింగు కలపాలంటే ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ టెలిఫోను లైన్లు కావాలి. ఒక్కో చానల్‌కు సెకనుకు 64 కిలోబిట్లు, ఆరు కలిస్తే 384. ఆ ఆరూ ఒకదాని తర్వాత ఒకటి కలిసేవి. అయిదు కలిసి ఆరోది మొరాయించిందంటే మళ్ళీ మొదటికి. అంతా కుదిరాక తెర మీదికి వచ్చే బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. ఆ కాస్త చోటులో ముఖ్య అతిథి తల తిప్పితే చెంప ఒక క్షణం ఆగి ముక్కును కలుసుకునేది. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం.

మా గది మీదుగానే విమానాలు దిగేవి. 2008 మేలో దేవనహళ్ళికి మారేదాకా ఊరికి వచ్చే విమానాలన్నీ అక్కడికే కదా. ప్రతిధ్వని పరీక్ష సగంలో ఉండగా నెత్తి మీద హోరు మొదలయ్యేది. విమానాల వేళలు గోడకు అంటించుకుని, వాటి మధ్య దొరికిన సందుల్లో పరీక్షలు చేసుకునేవాళ్ళం. విమానాశ్రయం మారిపోయాక గది ఎంత నిశ్శబ్దమైందంటే, పరీక్షకు తగినంత గోల లేక, పాత విమానాల చప్పుడు రికార్డింగులు వెతికి స్పీకర్లలో పెట్టుకున్నాం. నీకు నవ్వొస్తుంది కానీ ఇది జరిగింది.

ప్రతిధ్వని సంగతి కొంచెం చెప్పాలి, దీనితో పని ఉంది. అవతలివాళ్ళ గొంతు మన స్పీకర్‌లోంచి వస్తుంది. అది గోడలకు తగిలి మన మైకులో పడి తిరిగి వాళ్ళకే చేరితే, తన మాటే తనకు వెనక నుంచి వినిపించి మనిషి తడబడతాడు. అందుకని పెట్టె లోపల ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. స్పీకర్‌లోంచి వెళ్ళిన శబ్దం ఈ గదిలో తిరిగి మైకును ఎలా చేరుతుందో అది అంచనా వేసి, ఆ అంచనాను మైకు పట్టిన శబ్దంలోంచి తీసేస్తుంది. మిగిలింది మన గొంతు. ఒకరు మాట్లాడుతూ ఒకరు వింటున్నంతసేపూ ఈ లెక్కకు ఢోకా లేదు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టినప్పుడే చిక్కు. ఏది గోడ నుంచి వచ్చిందో, ఏది మనిషి నుంచి వచ్చిందో తేల్చుకోలేక అది ఎవరో ఒకరి గొంతు నొక్కేస్తుంది.

దీన్ని పరీక్షించడమే నా మొదటి ఉద్యోగం. రెండు గదుల్లో ఇద్దరం కూర్చుని ఒకేసారి పైకి చదవాలి. నేను ఈనాడు చదివేవాణ్ణి. అవతల గదిలో హాసన్ నుంచి వచ్చిన నా ఈడు కుర్రవాడు కన్నడ పేపరు ప్రజావాణి చదివేవాడు. ఒకరి మాట ఒకరు వినకుండా గంటసేపు అరుచుకోవడం, దానికి జీతం. టీ తెచ్చే పెద్దాయన తలుపు దగ్గర ఆగి "ఏన్ సార్, జగళానా?" అని అడిగేవాడు, గొడవ పడుతున్నారా అని. ఎక్కడ ఏ మాట తెగిందో ఎర్ర పెన్సిల్‌తో పేపర్ మీదే గుర్తు పెట్టుకునేవాళ్ళం. మొదట పోయేది మాట చివరి అచ్చు. కన్నడానికీ మనకూ ఇదే గతి. ఇంగ్లీషు పరీక్షల్లో ఇది ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే వాళ్ళకు పోయేదేమీ లేదు. మనకు ప్రశ్న ఉండేదే చివరి అచ్చులో. "తిన్నావా" అని నేనంటే అవతలికి "తిన్నావ్" అని చేరేది. అడిగినవాడు కాస్తా నిందించినవాడు అయిపోయేవాడు. ఈ లోపాన్ని మా ఇద్దరి పేర్లతో రాసి పంపితే, విదేశంలో ఒకాయన నెల రోజులు కూర్చుని సరిచేశాడు. నా జీవితంలో తెలుగుకు నేను చేసిన సేవ అంతే.

అదే గదిలో ఇంకో పెట్టె ఉండేది. దాని పనల్లా లైనును పాడుచేయడం. మాటనూ బొమ్మనూ ముక్కలుగా మోసుకెళ్ళే ప్యాకెట్లను కావలసినన్ని పారేస్తుంది, కావలసినంత ఆలస్యం కలుపుతుంది. జమాఖర్చుల విభాగం నుంచి, రిసెప్షన్ నుంచి ఇద్దరిద్దరిని పిలిచి చెరో గదిలో కూర్చోబెట్టి, నంది కొండకు ఎప్పుడు వెళ్దామో మాట్లాడుకుని తేల్చుకోమనేవాళ్ళం. వాళ్ళకు తెలియకుండా ఆలస్యం పెంచేవాళ్ళం. అయ్యాక రెండు ప్రశ్నల కాగితం: లైను ఎలా ఉంది, అవతలి మనిషితో మాట్లాడటం ఎలా ఉంది.

బొమ్మ ముక్కలైన రోజున అందరూ లైనును తిట్టారు. గొంతు గరగరలాడిన రోజునా అంతే. కానీ ఒక్క ఆలస్యాన్ని మాత్రమే పెంచిన రోజున మొదటి ప్రశ్నకు "బాగుంది" అని రాసి, రెండో ప్రశ్న దగ్గర కారాలు మిరియాలు నూరారు. సరిగ్గా వినడం లేదు. ఆసక్తి లేదు. నేను మొదలుపెట్టగానే అడ్డొస్తాడు. ఏదో దాస్తున్నట్టుంది. రోజూ ఒకే డబ్బాలో తినే ఇద్దరు అమ్మాయిలు ఆ మధ్యాహ్నం వేరే వేరే బల్లల దగ్గర కూర్చున్నారు. మేం వెళ్ళి, తప్పు మీది కాదు, మేమే అర సెకను కలిపామని చెప్పుకోవలసి వచ్చింది. పూర్తిగా నమ్మారని అనుకోను.

మనుషులు మాటకూ మాటకూ మధ్య వదిలే ఎడం సుమారు 200 మిల్లీసెకన్లు. రెప్పపాటు. ఎవరూ నేర్పకుండానే పసిబిడ్డ దగ్గర నుంచి అందరం ఆ తాళానికి అలవాటు పడతాం. అది తప్పితే చెవి యంత్రాన్ని అనుమానించదు, మనిషిని అనుమానిస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం జి.114 అనే సిఫారసులో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మంచిదని, లైన్లు వేసేటప్పుడు 400 దాటనివ్వకూడదని రాసింది. ఆ 150 అన్న అంకెను కాగితం మీద రాసి నా బల్ల ముందు అంటించుకున్నాను. ఆఫీసులు మారినా, కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొన్నా, ఆ కాగితం నాతోనే వచ్చింది. నువ్వు చూశావు. మన బీరువా తలుపు లోపల ఇప్పుడున్నది అదే.

నువ్వు ఎనిమిదేళ్ళప్పటి మాట ఇది. కాలిఫోర్నియాలో ఉన్న మా పెద్దాయన మా జట్టు గురించి ఏడాది చివర్లో రాస్తూ, వీళ్ళు పని బాగా చేస్తారు కానీ మీటింగుల్లో నోరు విప్పరు అన్నాడు. ఎనిమిది మందికీ జీతం పెరుగుదలలో కోత పడింది. నాకు కోపం వచ్చింది, తర్వాత అనుమానం వచ్చింది, తర్వాత లెక్క వేశాను. ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మనకూ కాలిఫోర్నియాకూ తిన్నగా గీత గీస్తే 14 వేల కిలోమీటర్లు, అంటే కాంతికే 70 మిల్లీసెకన్లు. సముద్రం అడుగున కేబుళ్ళు తిన్నగా పోవు. ఆపైన కెమెరా పట్టడం, కుదించడం, దారిలో తోసుకుంటూ వచ్చిన ప్యాకెట్లను వరుసలో పెట్టడానికి కాసేపు ఆపడం, విప్పడం. అన్నీ కలిసి మాకు ఒకవైపే 250 దాటేది. అక్కడేమో వాళ్ళు పదిమంది ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ళకు వాళ్ళకు మధ్య ఆలస్యం సున్నా. "ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?" అని అక్కడ అడిగితే ఆ ప్రశ్న మాకు చేరి, మా జవాబు వాళ్ళకు చేరేలోగా ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు మొదలుపెట్టేస్తారు. మేం మర్యాదగా ఆగిపోతాం. అలా ఏడాది పొడవునా ఆగిపోయాం. అదే మా మౌనం.

మరుసటి ఏడాది అక్కడికి వెళ్ళినప్పుడు ఆ పాడుచేసే పెట్టెను వాళ్ళ భవనంలోనే రెండు అంతస్తుల మధ్య పెట్టించి, కింది అంతస్తువాళ్ళను మేం ఉండే దూరానికి పంపేశాను. గంట తర్వాత పెద్దాయన కిందివాళ్ళ గురించి "ఇవాళ వీళ్ళకు ఏమైంది, మందకొడిగా ఉన్నారు" అన్నాడు. వాళ్ళూ ఆయన వాళ్ళే, ఆయన భాషే. పెట్టె చూపించాను. ఆయన నవ్వలేదు, కాసేపు దాని వంకే చూశాడు. ఆ వారం నుంచి ప్రతి అంశం మీదా మొదట బెంగళూరు మాట్లాడాలని, ప్రశ్న అడిగినవాళ్ళు మనసులో మూడు అంకెలు లెక్కపెట్టాలని నియమం పెట్టాడు. కోసిన జీతం మాత్రం తిరిగి రాలేదు.

నీకు ఆ మీటింగులు గుర్తుండే ఉంటాయి, వేరే వైపు నుంచి. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలయ్యేవి. నవంబరులో అమెరికా గడియారం గంట వెనక్కి తిప్పుకోగానే మనకు పదిన్నర అయ్యేది. అక్కడెవరో గడియారం తిప్పితే ఇక్కడ నీ కథ చెప్పే వేళ మారిపోయేది. మార్చిలో మళ్ళీ ముందుకొచ్చేది. నువ్వు ఒకసారి తలుపు సందులోంచి "నాన్నా, ఇది ఎండాకాలం కథా, చలికాలం కథా?" అని అడిగావు. చలికాలం కథ అంటే మీ అమ్మ చెప్పేది.

మధ్యలో ఒక మాట. గత నెల నువ్వు వేసిన పథకాన్ని మీ పైవాళ్ళు మరీ సాదాగా ఉందని పక్కన పెట్టారన్నావు. దానికీ ఆ రోజు నేను ఏదో సలహా ఇచ్చే ఉంటాను. ఇది సలహా కాదు, కథ. మనం చూసే ప్రతి వీడియో కాల్ వెనకా డిస్క్రీట్ కోసైన్ ట్రాన్స్‌ఫామ్ అని ఒక గణితం ఉంది. బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పట్టే అంశాన్ని ఉంచి పట్టనిదాన్ని వదిలేయడానికి అది దారి చేస్తుంది. 1988లో వచ్చిన హెచ్.261 అనే వీడియో కుదింపు ప్రమాణం నుంచి ఫోటోలు దాచే జేపెగ్ దాకా దాని మీదే కట్టారు. అది కనిపెట్టిన నాసిర్ అహ్మద్ ఈ ఊళ్ళోనే పుట్టాడు, ఇక్కడి విశ్వేశ్వరయ్య ఇంజినీరింగ్ కాలేజీలో చదివాడు. 1972లో ఈ ఆలోచన మీద పని చేస్తానని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగితే వాళ్ళు ఇవ్వలేదు. పరిశీలించినవాళ్ళలో ఒకరు ఇది మరీ తేలికైన ఆలోచన అన్నారని ఆయనే తర్వాత రాసుకున్నాడు. డబ్బు లేకుండానే చేశాడు. 1974 జనవరిలో అచ్చయిన ఆ వ్యాసం మీద ఆయనతో పాటు టి. నటరాజన్, కె. ఆర్. రావు పేర్లు ఉన్నాయి. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మొదటిసారి ఆ పేరు చదివినప్పుడు నేను ల్యాబ్‌లో లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు.

ఇక అవ్వ సంగతి. 2016లో డేటా చవకయ్యాక మదనపల్లెకు ఒక ఫోను కొని తీసుకెళ్ళాను. కొడుకు ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఏమిటో అమ్మకు చూపించాలని ఉబలాటం. ఆమె వీడియో కాల్ వచ్చినా ఫోను చెవికే ఆనించుకునేది. తెర నిండా చెవి. ఎర్రరాయి కమ్మ, దాని పక్కన నెరిసిన వెంట్రుకలు రెండు, వెనక మసకగా వంటింటి గూడు. "అమ్మా, ఫోను ముందర పెట్టుకో" అంటే, "వినేది చెవితో కదరా" అనేది. కాల్ మొదలైన ప్రతిసారీ నాలుగైదు నిమిషాలు ఆమెకు ఫోను పట్టుకోవడం నేర్పడంలోనే పోయేవి. ఆమె ఏదో చెబుతూ ఉండేది, టమాటా ధర, పక్కింటి కోడలు, మోకాలు. నేను "కొంచెం దూరంగా, ఇంకొంచెం కింద" అంటూ ఉండేవాణ్ణి.

వీడియోను కుదించేవాడికి ఒక సూత్రం: మారినదాన్ని పంపు, మారనిదాన్ని వదిలెయ్. కదలని చెవిని పంపడానికి ఖర్చయ్యేది దాదాపు ఏమీ ఉండదు. నా లెక్కలో మా వ్యవస్థ మీద అతి తక్కువ బరువు వేసిన మనిషి మా అమ్మే. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ వాళ్ళు ముఖం కనిపించే ఫోను పెట్టారు. 1970లో పిట్స్‌బర్గ్‌లో నెలకు 160 డాలర్లకు అమ్మకం మొదలుపెట్టారు. పట్టుమని కొనేవాళ్ళు దొరకలేదు. ఎందుకా అని మా రంగంలో చాలామంది చాలా కారణాలు చెబుతారు. అవ్వ చెప్పింది నాకు సరిపోతుంది.

మదనపల్లె మనకు 120 కిలోమీటర్లు. ఫైబరులో ఆ దూరం దాటడానికి కాంతికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. బస్సులో మూడు గంటలు, హోస్కోట దగ్గర లారీలు ఆపేస్తే మూడున్నర. నేను ఏడాదికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి.

2020 నువ్వు చూసిందే. మార్చి 25న దేశం తలుపులు మూసుకున్నాక మా పనికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. జూమ్ మీటింగుల్లో రోజువారీ చేరికలు 2019 డిసెంబరులో కోటి, నాలుగు నెలల్లో 30 కోట్లు. మా సర్వర్లూ అదే వరదలో ఉన్నాయి. నేను వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాత్రిళ్ళు కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళలో "మీరు ఏం చేస్తారు?" అని అడిగి, చెబితే అర్థం కాక లడ్డూ వైపు చూసే బంధువులంతా ఒక్క నెలలో మ్యూట్ అన్న మాట నేర్చుకున్నారు. గర్వంగా ఉండేది. దాని గురించి ఇంకేమీ చెప్పను, ఆ రోజుల్లో గర్వపడటం కూడా తప్పుగానే అనిపించేది.

ఇప్పుడు చెప్పేది నీకు చెప్పని సంగతి. మీ అమ్మకు తెలుసు.

2023లో కంపెనీ మనుషులను తగ్గించింది. నా జట్టులో పదకొండు మంది, జాబితాలో మూడు పేర్లు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాల వీడియో కాల్, ఏం చెప్పాలో రాసి ఉన్న కాగితం, అందులో లేని మాట ఒక్కటీ అనకూడదు. రెండో పేరు హాసన్ కుర్రవాడిది. కుర్రవాడు అంటున్నాను, ఇద్దరికీ అప్పటికి యాభై దగ్గర పడ్డాయి. విజయనగరలో ఉంటాడు. మెట్రో ఎక్కి వెళ్ళి ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పగలిగినంత దూరం. నేను తెర ముందు కూర్చుని కాగితం చదివాను.

చదవడం అయ్యాక అవతల ఏ చప్పుడూ లేదు. బొమ్మ కూడా కదల్లేదు. ఒక సెకను, రెండు, మూడు. నా చెయ్యి దానంతట అదే లైను గణాంకాలు చూపించే కిటికీ తెరవబోయింది. "వినిపిస్తోందా?" అన్నాను. మళ్ళీ, "హలో, వినిపిస్తోందా? నువ్వు ఆగిపోయినట్టున్నావు."

"వినిపిస్తోంది సార్," అన్నాడు. "లైను బాగానే ఉంది."

ఇరవై అయిదేళ్ళు నన్ను "గురూ" అని పిలిచినవాడు. అవతల గదిలో కూర్చుని ప్రజావాణి చదివినవాడు. మనిషి నోట మాట రాకుండా ఉంటే నేను ప్యాకెట్లు లెక్కపెట్టబోయాను. లైను తప్పును మనిషి నెత్తిన వేయకండని ఖండాలు దాటి వెళ్ళి మరీ చూపించి వచ్చినవాణ్ణి కదా. ఆ పాఠం ఎంత బాగా ఒంటబట్టిందంటే మనిషి ఎదురుగా ఉన్నా లైనునే చూస్తున్నాను. అవ్వ మోకాలు నొప్పి అంటుంటే కోణం సరిచేశాను. నువ్వు ఎవరూ వినడం లేదంటే హెడ్‌సెట్ పేరు అడిగాను.

ఆ తర్వాత వాడి ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఇంట్లో లేడన్నారు. రెండోసారి కాఫీ ఇచ్చారు. పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. "గురూ" అనడం ఇంకా మొదలుపెట్టలేదు. నేను కూడా ఏమీ అడగలేదు.

నీ విషయానికి వస్తాను. మీ మీటింగుల్లో నిజంగానే ఆలస్యం ఉండి ఉండవచ్చు. మీ జట్టు సగం సియాటిల్‌లో ఉందన్నావు, నేను పైన రాసిన ఆ బల్ల కథ మీకూ వర్తించవచ్చు. మొదట మిమ్మల్ని మాట్లాడించమని అడగడంలో తప్పు లేదు, మా పెద్దాయన పెట్టిన నియమం ఇప్పటికీ పనిచేస్తుంది. లేదూ, లైను నిక్షేపంగా ఉండి, మనుషులే విననివాళ్ళు కావచ్చు. లేక ఇది అసలు మీటింగుల సంగతే కాకపోవచ్చు. ఏదో నాకు తెలియదు. తెలుసుకునే వీలు ఆదివారం నాకు వచ్చింది, పోగొట్టుకున్నాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. సోమవారం పొద్దున నేను చేసిన మొదటి పని, మన ఆదివారం కాల్ వివరాలు తీసి చూడటం. ఇద్దరం ఒకేసారి మాట్లాడుతూ ఉన్నామంటే మధ్యలో ఆలస్యం ఉండి ఉంటుందని, అది మీ అమ్మకు చూపించి నా మీద కేసు కొట్టించుకుందామని. డబ్లిన్‌కు వెళ్ళి రావడానికి 170 మిల్లీసెకన్లు. పోయిన ప్యాకెట్లు సున్నా. ఎక్కడా ఒక్క అచ్చు కూడా తెగలేదు. నీ "నువ్వూ" మొదటి నుంచి చివరిదాకా, దీర్ఘంతో సహా, నువ్వు అన్నది అన్నట్టే నాకు చేరింది.

వచ్చే ఆదివారం మన వేళకు మీ అమ్మ చేస్తుంది. నేను పక్కన కూర్చుంటాను, మైకు ఆమె చేతిలో ఉంటుంది. నీకు చెప్పాలని ఉంటే ఆ రోజు ఆగిపోయిన చోటు నుంచి చెప్పు. చెప్పాలని లేకపోతే ఇంకేదైనా చెప్పు, వాన గురించైనా సరే, అక్కడ దానికి కొదవ లేదు కదా. కెమెరా పెట్టాలని లేకపోతే పెట్టకు. ఫోను చెవికి ఆనించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

పార్సెల్‌లో నువ్వుల పొడి, మురుకులు, ఉసిరి పచ్చడి ఉన్నాయి. పచ్చడి సీసా మూత మీ అమ్మ టేపుతో బిగించింది, కత్తితో జాగ్రత్తగా కోయి. అడుగున పాత టవల్‌లో చుట్టి ఒక హెడ్‌సెట్ పెట్టాను. తీగ ఉన్నదే. మీ అమ్మ చూడలేదు.

మీ నాన్న